నోటి పుట్టకురుపును, దాని జాడను కనిపెట్టు విధము

వరిచేనిలో తెల్లకంకి కనబడిన పిమ్మట ఎన్ని మందులు చల్లినను ఆ కంకి మరల పాలుపోసుకొనదు. పురుగు మొవ్వులో ప్రవేశించిన దినమున చేను పైకి పచ్చగానే యుండును. ఆ దినమున గట్టుమీద నిలిచి దూరమునుండి చూచువానికి ఏమియు తెలియదు. దుబ్బును విడదీసి చూచినవానికే తెలియును. మనుష్యదేహమునకును ఇదే న్యాయము. నోటిలోను గొంతులోను పుట్టు క్యాన్సరను పుట్టకురుపు మొదట నొప్పిలేని చిన్న పుండుగా నుండును. నొప్పి లేదు గనుక దానిని ఎవరును లక్ష్యపెట్టరు. నొప్పి వచ్చునప్పటికి అది తరచుగా మెడలోనికి దిగియుండును.

ఈ పత్రికలో విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు వ్రాయుట మాకు అలవాటు. ఈ మాసము ఈ వ్యాధిని గూర్చి వ్రాయుటకు కారణము కలదు. ఖమ్మము మొదలుకొని భద్రాచలపు అడవులవరకు చుట్టయో, బీడీయో, ఖైనీయో, వక్కపొడియో ఎరుగని గ్రామము లేదు. మేము వైద్యులము కాము. పొలముగట్లవెంట తిరుగు వ్యవసాయ ప్రదర్శకులము. అయినను, ఈ రోగమును కనిపెట్టుటకు నేడు వాడుచున్న ఒక విద్య పైరుమొక్కతోనే ఆరంభమైనది. దానికి వలసిన వస్తువులలో ఒకటి మన గోదావరి యొడ్డుననే తయారగుచున్నది. కావున రైతులకు ఈ సంగతి తెలియుట యుక్తమని తలచితిమి.

రోగమునకు మూలము

నోటి క్యాన్సరునకు ముఖ్యకారణము పొగాకు అనుటలో నేడు సందేహము లేదు. పొగ త్రాగుటయేకాక, పొగాకును నమలుటయు, దవడలో పెట్టుకొనుటయు హానికరమే. పొగాకు కలియని వట్టి వక్క సహితము క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనశాఖ తేల్చినది. వీనితోడ మద్యము చేరినచో అపాయము మరింత పెరుగును.

ఈ విషయమున తెలుగుదేశమే లోకమునకు ఒక పాఠమైనది. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాలలో అనేకులు, ముఖ్యముగా స్త్రీలు, చుట్టను ముట్టించిన కొనను నోటిలోపల నుంచుకొని త్రాగుదురు. దీనిని అడ్డపొగ యందురు. నిప్పుకొన అంగిటికి తగులుచుండుటచేత, ఇతర దేశములలో అరుదుగా కనబడు అంగిటి క్యాన్సరు అచ్చట విస్తారముగా కనబడెను. 1971 లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షింపగా, వారిలో నూటికి దాదాపు 44 మంది అడ్డపొగ త్రాగువారని తేలినది.

మన ప్రాంతమున వేసవిని అడవిలో తునికాకు కోసి, 50 ఆకులకు ఒక కట్టచొప్పున కట్టి, కల్లములలో ఆరబెట్టుదురు. అది పేదకుటుంబములకు ఆ రెండునెలల కూలి. ఆకు కోయుటవలన ఈ రోగము రాదు. అందులో పొగాకు చుట్టి కాల్చుటవలన వచ్చును. కోసినవాడు కూలి పుచ్చుకొని ఇంటికి పోవచ్చును. ఆ కూలితో బీడీ కొని త్రాగవలసిన పని లేదు.

మొదటి పరీక్ష కంటిచూపే

ఏ యంత్రమునకంటెను ముందు వచ్చునది కన్ను. నోటిలో మూడువారములు దాటినను మానని పుండు, రుద్దినను పోని తెల్లమచ్చ లేక ఎఱ్ఱమచ్చ, నోరు నానాటికి తెరువలేకపోవుట, కారణము లేకయే పన్ను కదలుట, మూడువారములకు మించిన గొంతు బొంగురు, మింగుడు పడకపోవుట, మెడలో గట్టిగా తగులు బిళ్ల - వీనిలో ఏది కనబడినను వైద్యునికి చూపవలెను. నొప్పి లేదను మాట ఇచ్చట ధైర్యమునకు కారణము కారాదు.

కేరళ దేశమున తిరువనంతపురము జిల్లాలో 1996 మొదలుకొని కొన్నియేండ్లు, శిక్షణపొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి, వెలుతురులో నోరు తెరచి చూచుట తప్ప మరేమియు చేయలేదు. అనుమానము గలవారిని వైద్యులయొద్దకు పంపిరి. 2005 లో ఫలితములు ప్రకటింపబడినవి. పొగాకో మద్యమో వాడువారిలో నోటి క్యాన్సరు మరణములు, అట్టి పరీక్ష జరుగని గ్రామములకంటె నూటికి 34 వంతులు తక్కువగా నుండెను. లక్షలు ఖరీదుచేయు యంత్రము లేదు. చేతిదీపము, శిక్షణ పొందిన కన్ను, అంతే.

కంటికి అనుమానము తోచినచో వైద్యుడు పుండు అంచునుండి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిక్రింద చూచును. క్యాన్సరు ఔనో కాదో చెప్పునది ఈ ముక్కపరీక్షయే. 'కత్తి తగిలినచో పుండు పెచ్చరిల్లు'నని మన గ్రామములలో గట్టి నమ్మకము కలదు. నోటిపుండు విషయమున ఈ భయమునకు ఆధారము లేదు. ముక్క తీయుటచేత కాదు, తీయించుకొనక దాచుకొనుటచేతనే పుండు పెరుగుచున్నది.

రోగము ఎంతవరకు పోయినది?

ముక్కపరీక్షలో క్యాన్సరని తేలినపిమ్మట రెండవ ప్రశ్న పుట్టును. అది పుట్టినచోటనే యున్నదా? మెడలోని బిళ్లలకు దిగినదా? ఊపిరితిత్తులవంటి దూరపు భాగములకు పోయినదా? కలుపును పీకువాడు గడ్డ ఎంతలోతున నున్నదో ఎరుగక పైయాకును త్రుంచినచో, పదిదినములలో అది మరల లేచును. చికిత్సయు అట్లే. ఎంత కోయవలెను, కిరణచికిత్స ఎచ్చట ఇయ్యవలెను అనునది ఈ జాడ తెలిసినగాని నిర్ణయింపరాదు.

మెడను గూర్చి ఆలస్యమెంత నష్టకరమో ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రివారు 2015 లో చూపిరి. మెడలో బిళ్ల చేతికి తగులని, తొలిదశలో నున్న నోటి క్యాన్సరు రోగులను వారు రెండు తెగలుగా చేసిరి. ఒక తెగవారికి నోటి శస్త్రముతోపాటే మెడలోని బిళ్లలను తీసివేసిరి. రెండవ తెగవారికి బిళ్ల పైకి కనబడినప్పుడే తీసిరి. మూడేండ్లకు మొదటివారిలో నూటికి 80 మంది, రెండవవారిలో 67 లేక 68 మంది జీవించియుండిరి. చేతికి తగులలేదు గనుక రోగము దిగలేదనుకొనుట పొరపాటని దీనివలన తెలియుచున్నది.

చేతికి తగులనిదానిని, కత్తి పెట్టకమునుపే వెదకుటకు పనికివచ్చునది అణువైద్యపు జాడపరీక్ష. దీనిని ఆసుపత్రులలో పెట్ స్కాను అందురు.

చిక్కుడుమొక్కతో మొదలైన విద్య

1923 లో జార్జి డి హెవెసీ అను హంగేరీదేశపు శాస్త్రజ్ఞుడు కోపెన్‌హేగను పట్టణమున ఒక ప్రయోగము చేసెను. ఆయన చిక్కుడుజాతి మొక్కల వేళ్లను నీటిలో నుంచెను. ఆ నీటిలో అదృశ్యకిరణములు వెలువరించు సీసమును లేశమాత్రము కలిపెను. మొక్క ఆ సీసమును పీల్చినది. కిరణములను కొలిచి, వేరున ఎంత నిలిచినది, కాండమునకు ఎంత ఎక్కినది, ఆకునకు ఎంత చేరినది అని ఆయన లెక్కగట్టెను. ప్రాణముగల వస్తువులో పదార్థము నడచు జాడను ఇట్లు కిరణములద్వారా వెంబడించుట అదే మొదలు. 1943 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెలు బహుమానము ఆయనకు లభించినది.

అదే దశాబ్దమున ఆటో వార్‌బర్గు అను జర్మను శాస్త్రజ్ఞుడు క్యాన్సరు కణములు చక్కెరను అమితముగా తినునని కనిపెట్టెను. చేనిలో యూరియా చల్లినప్పుడు పైరుకంటె ముందుగా కలుపు బలియుట మన మెరిగినదే. క్యాన్సరునకును అట్టి ఆకలి కలదు.

ఈ రెండు సంగతులను కలిపి తరువాతివారు ఒక ఉపాయము పన్నిరి. గ్లూకోజను చక్కెరకు, కిరణములు వెలువరించు ఫ్లోరిను అణువును తగిలించిరి. కణము దీనిని చక్కెరయని మ్రింగును. కాని మామూలు చక్కెరవలె దహించుకొనలేదు. కావున అది అచ్చటనే నిలిచిపోవును. ఎచ్చట ఎక్కువ నిలిచెనో అచ్చటనుండి ఎక్కువ కిరణములు వచ్చును. 1976 లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఈ చక్కెరను మొట్టమొదట మనుష్యునకు ఎక్కించిరి.

గోదావరి నీటి పాలు

ఆ ఫ్లోరిను గనిలో దొరకునది కాదు, తయారుచేయవలెను. నీటిలో ఉండు ప్రాణవాయువు అణువులు అన్నియు ఒకే బరువుగా నుండవు. 500 లో సుమారు ఒకటి మిగిలినవానికంటె కొంచెము బరువుగా నుండును. ఆ బరువైన ప్రాణవాయువుగల నీటినే వేరుచేసి, సైక్లోట్రానను యంత్రములో అత్యంతవేగముగల కణములచేత కొట్టించినచో, ప్రాణవాయువు ఫ్లోరినుగా మారును. అదియే పైన చెప్పిన ఫ్లోరిను.

భద్రాద్రి కొత్తగూడెము జిల్లా అశ్వాపురము మండలమున గోదావరి చెంత 1991 లో ఆరంభమైన భారజల కర్మాగారమును మన సభ్యులలో అనేకు లెరుగుదురు. మణుగూరు కర్మాగారమని వ్యవహారము. అణువిద్యుత్కేంద్రములకు వలసిన భారజలము తీయుట దాని ముఖ్యకార్యము. ఇటీవలి సంవత్సరములలో ఆ కర్మాగారమునందే, పైన చెప్పిన బరువైన ప్రాణవాయువుగల నీటిని వేరుచేయు పనియు ఆరంభమైనది. మన మడులకు పారునట్టి నీటినుండియే రోగియొక్క మెడలోని బిళ్లను చూపు వస్తువు పుట్టుచున్నది.

అట్లయిన ఈ పరీక్ష మన యూరిలోనే ఏల జరుగరాదని అడుగవచ్చును. దానికి సమాధానము ఫ్లోరిను స్వభావములోనే యున్నది. తయారైన ఫ్లోరిను గంట 50 నిమిషములకు సగమైపోవును. సైక్లోట్రానునొద్ద 16 పాళ్లు బయలుదేరిన దనుకొందము. గంట 50 నిమిషములకు 8 పాళ్లు, 3 గంటల 40 నిమిషములకు 4 పాళ్లు, అయిదున్నర గంటలకు 2 పాళ్లు, 7 గంటల 20 నిమిషములకు ఒక్క పాలు మిగులును. హైదరాబాదునుండి భద్రాచలమునకు బండి చేరునప్పటికి ఇంచుమించు అంతయు కరిగిపోయినట్లే. తెల్లవారి దించిన కల్లు మధ్యాహ్నమునకు పులియునట్లు ఇదియు నిలువ యుండని సరకు. అందుచేత రోగియే యంత్రమున్న పెద్దనగరమునకు పోవలసియున్నది. మన దేశమున వైద్యమునకై మొదటి సైక్లోట్రాను 2002 లో ముంబయిలో నెలకొన్నది. నేడు హైదరాబాదులో నిజాము వైద్య విజ్ఞాన సంస్థ, బసవతారకము ఇండో అమెరికను క్యాన్సరు ఆసుపత్రి మొదలగుచోట్ల ఈ పరీక్ష చేయుచున్నారు.

పరీక్ష జరుగు విధము

పోవువారు భయపడకుండుటకై జరుగు క్రమమును చెప్పుచున్నాము. పరీక్షకు ముందు నాలుగుగంటలో ఆరుగంటలో ఏమియు తినరాదు, మంచినీరు త్రాగవచ్చును. కాఫీ, టీ, చక్కెరనీరు త్రాగరాదు. ఒంటిలో చక్కెర యెక్కువగా నున్నచో ఎక్కించిన చక్కెర సరిగా పనిచేయదు. కావున మధుమేహము గలవారు తమ మందును గూర్చి ముందుగానే చెప్పి, వారి యాజ్ఞప్రకారము నడువవలెను.

చేతినరములో సూదివేసి కొద్దిపాటి మందు ఎక్కింతురు. తరువాత సుమారు ఒక గంట ఊరక పరుండవలెను. ఆ గంటలో నోటి, మెడ రోగులు ముఖ్యముగా పాటింపవలసిన నియమ మొకటి కలదు: తాంబూలము నములరాదు, ఎక్కువగా మాటలాడరాదు. నమలు కండరములును మాటలాడు కండరములును పనిచేసినచో అవియు చక్కెరను లాగికొనును. అప్పుడు బొమ్మలో రోగమేదో, కండరమేదో వేరుచేయుట కష్టమగును.

పిమ్మట బల్లపై పరుండబెట్టి, గుండ్రని వలయమువంటి యంత్రములోనికి పంపుదురు. దేహములోని ప్రతి బిందువునుండియు కిరణములు జంటగా, ఒకదాని కొకటి ఎదురుదిక్కున పోవును. రెండును వలయమునకు ఒక్కసారి తగిలినచో, ఆ రెంటినడుమ గీచిన గీతపైననే ఆ బిందువున్నదని యంత్రము లెక్కకట్టును. లక్షలకొలది అట్టి గీతలనుండి బొమ్మ ఏర్పడును. నొప్పి యేమియు ఉండదు. మందు ఒక దినములో 8,000 వ పాలుకంటె తక్కువగును. నీరు ఎక్కువగా త్రాగి మూత్రము పోయుచుండవలెను. ఆ దినము పసిబిడ్డలను, గర్భిణులను దగ్గరగా నుంచుకొనరాదు. తాము గర్భిణులైనను, పాలిచ్చు తల్లులైనను ఆ సంగతి మందు ఎక్కింపకముందే చెప్పవలెను.

ఉపయోగమును, పరిమితియు

ఈ పరీక్ష మూడు సందర్భములలో మిక్కిలి ఉపకరించును. మెడలో క్యాన్సరు బిళ్ల కనబడి, అది ఎచ్చట పుట్టినదో తెలియనప్పుడు మూలమును వెదకుటకు. ముదిరిన రోగము దూరపు భాగములకు పోయినదా యని చూచుటకు. చికిత్స ముగిసినపిమ్మట లోపల ఏమైన మిగిలినదా యని తెలిసికొనుటకు.

మూడవదానికి మంచి దృష్టాంతము కలదు. ఇంగ్లండు మొదలగు ప్రాంతములలో 564 మంది రోగులపై చేసిన పరిశోధన 2016 లో ప్రకటింపబడినది. వీరందరికిని రోగము మెడబిళ్లలలో బాగుగా దిగియుండెను. అందరికిని మందులు, కిరణచికిత్స ఇచ్చిరి. ఒక తెగవారికి మెడ శస్త్రము కూడ విధించిరి. రెండవ తెగవారికి చికిత్స ముగిసిన 12 వారములకు జాడపరీక్ష చేసి, రోగము మిగిలినట్లు తోచినవారికే శస్త్రము చేసిరి. మొదటి తెగలో 221 మెడ శస్త్రములు జరిగినవి. రెండవ తెగలో 54 మాత్రమే. రెండేండ్లకు జీవించియున్నవారు మొదటి తెగలో నూటికి 81 లేక 82 మంది, రెండవ తెగలో 85 మంది. అనగా ప్రాణమునకు నష్టము లేకయే అనేకులకు కత్తి తప్పినది. మెడ శస్త్రమువలన కొందరికి భుజము బలహీనమగును. నాగలి పట్టువానికి, కావడి మోయువానికి భుజము తప్పించుట అల్పవిషయము కాదు. 12 వారములు ఆగుటయు అకారణము కాదు. కిరణచికిత్సచేత పుండిన చోటులు అంతకుముందు ఊరక వెలిగి మోసము చేయును.

ఇక పరిమితులు. చక్కెరను తినునది క్యాన్సరొక్కటే కాదు. చీముపట్టిన పంటిమూలము, క్షయచేత వాచిన మెడబిళ్ల, మానుచున్న గాయము కూడ బొమ్మలో వెలుగును. మన దేశమున క్షయ విస్తారము గనుక, వెలిగిన బిళ్లలన్నియు క్యాన్సరని తలచి గుండె చెదరరాదు. అవసరమైనచో సూదితో ముక్క తీసి నిశ్చయింతురు. మరియు బియ్యపుగింజకంటె చిన్నదైన రోగము ఈ బొమ్మలో కనబడకపోవచ్చును. నోటిలోని చిన్నపుండునకు ఈ పరీక్ష సాధారణముగా అక్కరలేదు. డబ్బున్నది గదా యని మొదటనే స్కానునకు పరుగిడుట, మట్టిపరీక్ష చేయింపక ఖరీదైన ఎరువు పోయుటవంటిది.

సభ్యులు చేయవలసినది

మన ప్రాంతమున రోగము ముదురుటకు కారణములలో ఒకటి కాలక్రమము. పుండు కార్తికమున కనబడును. 'మిరప కోతలు కానిమ్ము, సరకు ఖమ్మము మార్కెట్టున అమ్మి చూపించుకొందము' అందురు. కోతలు కాగానే తునికాకు వచ్చును. అది కాగానే తొలకరి. ఇట్లు ఆరేడు నెలలు గడచును. ఆ నెలలలోనే చిన్నశస్త్రముతో పోవలసిన పుండు దవడయెముకను తినివేయును. మిరప ధర పది రూకలు తగ్గినను మరుసటియేట కూడదీసికొనవచ్చును. ఈ నష్టమును ఏ పంటయు పూడ్చజాలదు.

కావున మా మనవి యిది. ప్రతివాడును నెలకొకసారి ఉదయపువెలుగులో అద్దముముందు నోరు తెరచి, నాలుకను రెండువైపులకు త్రిప్పి, దవడలను వ్రేలితో తడవి చూచుకొనవలెను. ఇంటిలో పెద్దవారుండినచో పిల్లలు వారి నోరు చూడవలెను. అనుమానము తోచినచో దగ్గరనున్న ప్రభుత్వ వైద్యశాలకు, అచ్చటినుండి వారు పంపినచోటికి పోవలెను. హైదరాబాదులో క్యాన్సరు చికిత్సకై 1955 లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ ఆసుపత్రి పేదలకు చిరకాలముగా ఆధారము. తెలంగాణమున ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో కుటుంబమునకు 10 లక్షల రూపాయలకు పెంపబడినది. క్యాన్సరు శస్త్రము, మందులు, కిరణచికిత్స అందు చేరియున్నవి. ఏ పరీక్షకు ఎచ్చట వర్తించునో ఆరోగ్యమిత్రను ముందుగా అడిగిన పిమ్మటనే పొలము తాకట్టు మాట తలపెట్టవలెను.

సంఘముల పంచాయతుదార్లకును ఒక సూచన. ఎద్దు పడిపోయినప్పుడు అప్పిచ్చుట మనకు ఆచారము. రైతు నోటిలో పుండు కనబడినప్పుడు, పంట చేతికి రాకమునుపే ప్రయాణమునకు, మకామునకు చేబదులు ఇచ్చు ఏర్పాటు చేసినచో, ఆ సొమ్మును తీర్చుటకు ఆ రైతు బ్రతికియుండును. ఏటికొకసారి సర్వసభ్యసమావేశమునకు ఒక దంతవైద్యునో ఆరోగ్య కార్యకర్తనో పిలిపించి సభ్యుల నోళ్లు చూపించుటకు పెద్ద ఖర్చు లేదు.

యంత్రము దూరముననున్నది, అది రోగము పోయిన త్రోవను చూపును. రోగము పుట్టిన దినమున దానిని చూడగలిగినది మాత్రము ఇంటిలోని అద్దము, పగటివెలుగు, మన కన్నులు. పొగాకు మానినవానికి అపాయము ఏటేట తగ్గును. మానలేనివాడు నోరైనను చూచుకొనవలెను. ఈ సంచిక చదివిన సభ్యుడు చదువురాని పొరుగువారికి దీనిని చదివి వినిపింపవలెనని కోరుచున్నాము.